ఇంటి బలిపీఠము: తక్కువ అంకె గలవారు గెలిచిన దినమున



2025 జూలై 28వ తేదీన, జార్జియా దేశంలో నల్లసముద్రపు ఒడ్డున ఉన్న బతుమి అనే పట్టణంలో ఇద్దరు భారతదేశపు స్త్రీలు ఒక చదరంగం బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. ఒకరు మన కృష్ణా జిల్లా గుడివాడలో పుట్టిన కోనేరు హంపి. ఆమెకు 38 సంవత్సరాలు, ఒక బిడ్డ తల్లి. రెండవవారు నాగపూరు అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్. ఆమెకు 19 సంవత్సరాలు. హంపి గ్రాండ్‌మాస్టరు అయింది 2002లో. దివ్య పుట్టింది 2005లో. అంటే చిన్నామె ఈ లోకంలోకి రాకమునుపే పెద్దామె ఆ ఆటలో అత్యున్నత బిరుదును పొందియున్నది. అది మహిళల ప్రపంచ కప్పు పోటీలో ఆఖరి దినం. అంకెల ప్రకారం హంపి పైన ఉన్నది, దివ్య క్రింద ఉన్నది. ఆ దినాన క్రింద ఉన్న అమ్మాయి గెలిచింది.

మన తెలుగు ఇళ్లలో చాలామంది మన హంపి గెలవాలని కోరుకున్నారు. అందులో తప్పేమీ లేదు. మన ఊరి బిడ్డ, మన జిల్లా బిడ్డ అన్న మమకారం సహజమే. అయితే మనవారు ఓడి, మనకంటె చిన్నవారు గెలిచినప్పుడు మన హృదయంలో ఏమి జరుగుతుంది? ఈ నెల మీతో కలిసి ఆలోచించదలచినది ఆ సంగతినే.

సంఘ పత్రికలో చదరంగం ఏమిటని మన పెద్దలు కొందరు అడుగవచ్చు. ఆట అనగానే పేకాట, పందెములు గుర్తుకు వచ్చే ఊళ్లు మనవి. ఆ భయం న్యాయమైనదే. కాని చదరంగంలో పాచికలు లేవు, పంచే ముక్కలు లేవు. ఇద్దరి ముందూ ఒకే బలగం, కనబడకుండా దాచిపెట్టినది ఏదీ లేదు. రచ్చబండ రాతి మీద గీతలు గీసి మన తాతలు ఆడిన పులి మేక ఆటను చూచినవారికి ఇది క్రొత్త కాదు. ఆ ఆటలోనూ మేకలు ఓపికగా, ఒకదానినొకటి విడువకుండా నిలబడితే పులికి దారి ఉండదు. బలమైనది ఎప్పుడూ గెలుస్తుందన్న నియమం లేదని ఆ రాతి గీతల దగ్గరే మన పిల్లలు ఎప్పుడో నేర్చుకున్నారు.

ఆ పోటీ జరిగిన విధము

ప్రపంచ కప్పు అనేది ఓడినవారు ఇంటికి వెళ్లిపోయే పోటీ. ఆ సంవత్సరం 107 మంది స్త్రీలు బతుమికి వచ్చారు. వారి రేటింగుల ప్రకారం ముందుగానే వరుస పెడతారు. ఆ వరుసలో హంపిది నాలుగవ స్థానం, దివ్యది పదిహేనవ స్థానం. దివ్యకు అప్పటికి గ్రాండ్‌మాస్టరు బిరుదు లేదు. ఆ బిరుదు కావాలంటే సాధారణంగా 2500 రేటింగు చేరడమే గాక, పెద్ద పోటీలలో మూడుసార్లు నిర్ణీత స్థాయిలో ఆడి చూపాలి. వాటిని నార్ములు అంటారు. దివ్య చేతిలో ఆ మూడింటిలో ఒక్కటి కూడా లేదు.

అటువంటి అమ్మాయి నాలుగవ రౌండులో రెండవ స్థానంలో ఉన్న చైనా క్రీడాకారిణి ఝు జినెర్‌ను ఓడించింది. క్వార్టర్ ఫైనల్లో మన గుంటూరు బిడ్డ, గ్రాండ్‌మాస్టరు ద్రోణవల్లి హారికను ఓడించింది. సెమీఫైనల్లో 2017లో ప్రపంచ చాంపియన్ అయిన తాన్ ఝోంగ్యీని 101 ఎత్తుల సుదీర్ఘమైన ఆటలో ఓడించింది. మరొక ప్రక్క హంపి కూడా సులువుగా ఫైనలుకు రాలేదు. చైనాకు చెందిన లేయ్ తింగ్జియేతో సెమీఫైనల్లో ఒక దశలో వెనుకబడి, తిరిగి సమం చేసి, ఆ తరువాతనే గెలిచింది.

ఫైనల్లో మొదటి రెండు దీర్ఘమైన ఆటలు డ్రా అయ్యాయి. వాటిలో మొదటిదానిలో గెలిచే అవకాశం దివ్య చేతికి వచ్చి జారిపోయింది. చిన్న వయస్సువారు అటువంటి చోట కుంగిపోతారు. రాత్రంతా ఆ ఒక్క ఎత్తే కళ్ల ముందు తిరుగుతుంది. ఆమె మరునాడు వచ్చి కూర్చుని ఆడింది. మూడవ దినాన త్వరితమైన ఆటలు పెట్టారు. ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ప్రతి ఎత్తుకు మరి 10 సెకండ్లు కలుస్తాయి. మొదటిది మరల డ్రా. రెండవదానిలో హంపికి తెల్లపావులు. తెల్లపావులవారే మొదటి ఎత్తు వేస్తారు గనుక వారికి కొంత మేలు ఉంటుంది. కాని గడియారంలో సమయం తరుగుతుండగా హంపి ఒక బంటును వదులుకొనే దారి పట్టింది. అక్కడినుండి ఆట ఆమె చేయి దాటింది. దివ్య కూడా తప్పులు లేకుండా ఆడలేదు. దగ్గరకు వచ్చిన గెలుపును ఒకసారి చేజార్చుకొన్నది. హంపి తిరిగి నిలబడే వీలు కలిగింది, కాని ఆ ఒత్తిడిలో మరల పొరబడింది. డెబ్బై ఎత్తులు దాటిన తరువాత హంపి ఓటమిని ఒప్పుకొని చేయి చాచింది.

గెలిచిన అమ్మాయి కళ్లనీళ్లు ఆపుకోలేకపోయింది. పక్కనే ఉన్న తల్లిని కౌగిలించుకొని ఏడ్చింది. ఆ గెలుపుతో నార్ములతో పనిలేకుండానే ఆమెకు గ్రాండ్‌మాస్టరు బిరుదు వచ్చింది. మన దేశంలో ఆమె 88వ గ్రాండ్‌మాస్టరు. స్త్రీలలో హంపి, హారిక, వైశాలి తరువాత నాలుగవది. ఆమె నడిచిన బాటను మొదట వేసినది ఎదుట కూర్చుని ఓడిన ఆమెయే.

రేటింగు అంటే ఏమిటి?

మన గ్రామాలలో చాలామందికి ఈ రేటింగు మాట క్రొత్తగా ఉండవచ్చును. చెప్పడం కష్టమేమీ కాదు. హంగేరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన అర్పాద్ ఈలో అనే ఆచార్యుడు ఈ లెక్కను తయారుచేశాడు. ప్రపంచ చదరంగ సమాఖ్య దానిని 1970లో స్వీకరించింది. ఆడిన ప్రతివారికి ఒక అంకె ఉంటుంది. పెద్ద అంకెవారు చిన్న అంకెవారిని ఓడిస్తే వారికి కొద్దిగానే కలుస్తుంది, ఎందుకంటె అది అందరూ ఎదురుచూచినదే. చిన్న అంకెవారు పెద్ద అంకెవారిని ఓడిస్తే ఎక్కువ కలుస్తుంది. ఓడినవారికి ఆ మేరకు తగ్గుతుంది.

బతుమిలో ఆడేనాటికి హంపి రేటింగు 2543, దివ్య రేటింగు 2463. తేడా 80. ఈ లెక్క ప్రకారం 80 తేడా ఉన్న ఇద్దరు నూరు ఆటలు ఆడితే, గెలుపుకు ఒకటి, డ్రాకు అర చొప్పున, పై వారికి సుమారు 61 పాయింట్లు, క్రింది వారికి సుమారు 39 పాయింట్లు రావచ్చును. గమనించండి, క్రిందివారికి సున్న అని ఆ లెక్క చెప్పడం లేదు. ముప్పది తొమ్మిది అని చెప్తున్నది. లెక్క కట్టినవాడే చిన్నవారికి అంత చోటు విడిచిపెట్టాడు. ఆ చోటును లేకుండా చేసేది లెక్క కాదు, లెక్కను చూచే మనమే.

మీ ఇంట్లో బ్యాంకు పాసుపుస్తకం ఉంటుంది గదా. అందులో నిన్నటివరకు మీరు వేసినది, తీసినది వ్రాసి ఉంటుంది. అది అబద్ధం చెప్పదు. కాని రేపు మీ చేను ఎంత పండుతుందో ఆ పుస్తకానికి తెలియదు. రేటింగు అటువంటిదే, మార్కుల కాగితం అటువంటిదే. నిన్నటివరకు జరిగినదానికి అది సాక్ష్యం. రేపటి దినము మీద దానికి అధికారం లేదు.

ఒకే గెలుపు, ఇద్దరు విన్నారు

చిన్నవాడు పెద్దవాడిని గెలిచిన కథ అనగానే మన సండేస్కూలు పిల్లలు గొల్యాతు పేరు చెప్తారు. మంచిదే. అయితే ఈ నెల మీ ఇంట్లో ఆ తరువాతి అధ్యాయం తెరవండి, 1 సమూయేలు 18. యుద్ధం ముగిసింది, గొల్యాతు పడిపోయాడు, సైన్యం ఇంటికి తిరిగి వస్తున్నది. ఆ గెలుపు వార్త ఒకే రాజగృహంలో ఇద్దరి చెవిని పడింది. ఒకడు రాజైన సౌలు, మరొకడు అతని కుమారుడు యోనాతాను.

ఊరి స్త్రీలు పాటలు పాడుతూ ఎదురువచ్చారు. ఆ పాటలో సౌలుకు ఒక అంకె ఉన్నది. దావీదుకు దానికి పదింతల అంకె ఉన్నది. సౌలు ఆ పాటలోని సంతోషాన్ని వినలేదు, అంకెను మాత్రమే విన్నాడు. నిన్నటివరకు గొల్యాతు పేరు వింటేనే అతని సైన్యమంతా వణికింది. ఈ దినాన ఆ భయం పోయింది, దేశం విడిపించబడింది. అతడు సంతోషించవలసిన దినం అది. కాని ఆ దినమునుండి అతడు దావీదును వేరు కన్నుతో చూడసాగాడని గ్రంథం చెప్తున్నది. తరువాత ఈటె విసిరాడు, తరిమాడు, అరణ్యాలలో వెదికాడు. తన రాజ్యాన్ని ఏలవలసిన కాలమంతా ఒక యౌవనస్థుని వెంట పరుగెత్తడంలో ఖర్చుచేశాడు. గొల్యాతు చేయలేని పనిని ఒక పాటలోని అంకె చేసింది.

యోనాతాను సంగతి చూడండి. అతడు పిరికివాడు కాడు. అంతకుముందు తన ఆయుధములు మోసేవానిని మాత్రము వెంటబెట్టుకొని ఫిలిష్తీయుల దండు మీదికి ఎక్కివెళ్లినవాడు (1 సమూయేలు 14). రాజు కుమారుడు, సింహాసనానికి వారసుడు. అంకెలు వేస్తే దావీదుకన్న ఎంతో పైన ఉండేవాడు. కాని గొఱ్ఱెల దగ్గరనుండి వచ్చిన పిల్లవాడు తనకు పైగా లేస్తున్నాడని చూచినప్పుడు, తన దుప్పటి తీసి ఇచ్చాడు, కత్తి ఇచ్చాడు, విల్లు ఇచ్చాడు, నడికట్టు ఇచ్చాడు. తరువాత అరణ్యంలో దాగియున్న దావీదును వెదకికొని వెళ్లి, నీవు రాజవుతావు, నేను నీకు రెండవవాడనై ఉంటాను అన్న భావంతో ధైర్యపరచాడు (1 సమూయేలు 23).

ఇద్దరూ ఒకే గెలుపును చూచారు. ఒకరు ఇచ్చారు, ఒకరు విసిరారు. మన ఇంట్లో తమ్ముడు అన్నకంటె ఎక్కువ మార్కులు తెచ్చుకొన్న దినాన, మన పొరుగింటి బిడ్డకు ఉద్యోగం వచ్చిన దినాన, మనము ఆ రాజగృహంలోనే నిలబడి ఉన్నాము. మన చేతిలో దుప్పటి ఉన్నదా, ఈటె ఉన్నదా అని చూచుకోవాలి.

ఓడిన ఆమె దారి

గెలిచినవారిని గురించి అందరూ వ్రాస్తారు. ఓడినవారిని గురించి కొంచెము చెప్పుకోవడం అవసరం. హంపి తండ్రి కోనేరు అశోక్ తానూ చదరంగం ఆడినవాడే. బిడ్డ చాంపియన్ కావాలన్న ఆశను ఆమె పేరులోనే ఉంచాడు. లెక్చరరు ఉద్యోగం విడిచి ఆమెకు తర్ఫీదు ఇచ్చాడు. ఆమె 1997లో పదేళ్లలోపు బాలికలలో, 1998లో పన్నెండేళ్లలోపు బాలికలలో ప్రపంచ చాంపియన్ అయింది. 2002లో, పదిహేనేళ్ల వయస్సున, గ్రాండ్‌మాస్టరు బిరుదు పొందిన తొలి భారతీయ స్త్రీ ఆమె. అప్పటికి ప్రపంచంలో అంత చిన్న వయస్సులో ఆ బిరుదు పొందిన స్త్రీ మరొకరు లేరు.

2011లో ప్రపంచ చాంపియన్ పట్టము కొరకు ఆడి, తనకంటె చిన్నదైన చైనా అమ్మాయి హో ఈఫాన్ చేతిలో ఓడిపోయింది. 2017లో బిడ్డ పుట్టినప్పుడు ఆటకు దూరంగా ఉన్నది. మన ఊళ్లలో అయితే, ఇక పెండ్లి అయింది, బిడ్డ పుట్టింది, ఇంకేమి ఆట అనేవారు. ఆమె 2018 ఒలింపియాడులో తిరిగి ఆడింది. ఆ ఒలింపియాడు జరిగినది కూడా ఈ బతుమి పట్టణంలోనే. మరుసటి సంవత్సరం, 2019లో, మాస్కోలో ప్రపంచ రాపిడ్ చాంపియన్ అయింది.

2024 డిసెంబరులో న్యూయార్కులో ప్రపంచ రాపిడ్ పోటీ జరిగింది. మొదటి ఆటలోనే హంపి తనకంటె ఎంతో తక్కువ రేటింగు గల ఒక బాలిక చేతిలో ఓడిపోయింది. అటువంటి ఓటమి తరువాత పట్టము మాట ఎవరు తలుస్తారు? ఆమె మిగిలిన ఆటలు ఒక్కొక్కటిగా ఆడుకుంటూ పోయి, చివరి ఆటలో నల్లపావులతో గెలిచి, 11 ఆటలలో ఎనిమిదిన్నర పాయింట్లతో చాంపియన్ అయింది. బతుమిలో దివ్య చేతిలో ఓడిన తరువాత కూడా ఆమె బల్ల దగ్గరనుండి లేచిపోలేదు. 2025 డిసెంబరులో దోహాలో జరిగిన ప్రపంచ రాపిడ్ పోటీలో మూడవ స్థానం పొందింది.

చిన్నవారి చేతిలో ఓడిపోవడం అవమానము కాదని ఆమె జీవితం చెప్తున్నది. ఎవరి చేతిలో ఓడాము అన్నది ఒక దినపు సంగతి. మరునాడు వచ్చి కూర్చున్నామా లేదా అన్నది జీవితకాలపు సంగతి.

ఇక్కడ ఒక మాట. ఈ ఇద్దరిలో ఎవరి భక్తి ఎటువంటిది, ఎవరి ప్రార్థన దేవుడు విన్నాడు అని మనము తీర్పు తీర్చకూడదు. సూర్యుని, వానను అందరికీ ఇచ్చే తండ్రి, తెలివిని, ఓపికను కూడా అందరికీ ఇస్తాడు. ఎవరియందు ఆ వరములు కనబడినా ఇచ్చినవానిని స్తుతించడం మన వంతు.

మన ఇళ్లలోని పట్టికలు

చదరంగం ఆడేవారికి రేటింగు పట్టిక ఉన్నట్టు, మన ఇళ్లలో కూడా పట్టికలు ఉన్నాయి. గోడకు వ్రేలాడదీయము గాని, అన్నం పెట్టేటప్పుడు చదువుతుంటాము. "పెద్దవాడికి చదువు వస్తుంది, చిన్నవాడు గేదెలకే పనికి వస్తాడు." "అక్క తెల్లగా ఉంటుంది, దీనికి సంబంధం ఎలా వస్తుందో." "మీ బాబాయి కొడుకును చూడరా." ఇవి చెప్పే తల్లిదండ్రులు చెడ్డవారు కారు. పిల్లలు బాగుపడాలన్న ఆరాటంలోనే అంటారు. కాని బిడ్డ చెవిలో ఆ మాట అంకెగా మారి నిలిచిపోతుంది. తరువాత వాడు ఏమి చేసినా ముందు ఆ అంకెనే చూచుకుంటాడు.

ఆ అంకె ఎంత దూరము తీసుకొని వెళ్లగలదో మనకు తెలుసు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చిన తరువాత ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసుకొన్నారని పత్రికలు వ్రాశాయి. ఆ మార్కులలోనే పొరబాట్లు ఉన్నాయని పెద్ద గొడవ జరిగి, తప్పినవారి జవాబు పత్రాలను తిరిగి చూచారు. కాగితం మీది అంకెను సరిదిద్దడానికి వీలున్నది. పోయిన బిడ్డను తిరిగి తేవడానికి ఏ కార్యాలయానికీ వీలులేదు. ప్రియులారా, మార్చి, ఏప్రిల్ నెలలలో మన సంఘాలలో పరీక్షల కొరకు ప్రార్థనలు పెట్టుకుంటాము. ఫలితాలు వచ్చిన వారములో కూడా ప్రార్థన పెట్టుకోవాలి. గెలిచినవారి సాక్ష్యాలు వినడానికి మాత్రమే కాదు, తప్పినవారి ప్రక్కన కూర్చోవడానికి.

మీ బిడ్డ ఫలితం వచ్చిన దినాన మాటలాడక, అన్నం తినక, ఒంటరిగా ఉంటే, తిట్టుటకు గాని ఉపదేశించుటకు గాని అది సమయము కాదు. ఆ రాత్రి ఒంటరిగా విడువవద్దు. చనిపోవాలని ఉన్నదా అని తిన్నగా, ప్రేమగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందేమోనని భయపడవద్దు, అడగడం వలన బిడ్డకు లోపలిది చెప్పుకొనే దారి దొరుకుతుంది. పొలంలో కొట్టే మందు ఇంట్లో ఉంటే తాళం వేసి ఉంచండి. పాస్టరుగారిని, బిడ్డకు ఇష్టమైన మాష్టారిని పిలవండి, డాక్టరుకు చూపండి. ప్రభుత్వము వారి టెలిమానస్ అనే సహాయ కేంద్రానికి 14416 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాటలాడుతారు. ప్రార్థన చేస్తూ ఫోను చేయడం అవిశ్వాసము కాదు.

యెష్షయి ఇంటిలో కూడా ఒక పట్టిక ఉండేది. సమూయేలు ప్రవక్త వచ్చినప్పుడు తండ్రి ఏడుగురు కుమారులను వరుసగా నిలబెట్టాడు. ఎనిమిదవవాడిని పిలవాలని కూడా అతనికి తోచలేదు. ప్రవక్త అడిగేవరకు వాడు గొఱ్ఱెల దగ్గరే ఉన్నాడు. అంతటి సమూయేలు సయితం మొదట ఏలీయాబు ఎత్తును చూచి పొరబడబోయాడు, దేవుడు ఆపాడు. కన్నతండ్రీ, దైవజనుడూ కూడా పొరబడగలిగినప్పుడు మనము ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి. మీ ఇంట్లో పిలవకుండా గొఱ్ఱెల దగ్గర విడిచిన బిడ్డ ఎవరో ఈ రాత్రి ఆలోచించండి.

సంఘములో పెద్దలు, చిన్నలు

ఇదే సంగతి మన మందిరములో కూడా ఉన్నది. ఇరవై ఏండ్లుగా పాటలు నడిపిస్తున్న అన్నగారు ఉంటారు. నిన్న మొన్న బాప్తిస్మము పొందిన యౌవనస్థుడు వచ్చి మధురంగా పాడుతాడు. సంవత్సరాలుగా సండేస్కూలు చెప్పిన అక్కగారు ఉంటారు. కాలేజీలో చదివే చెల్లెలు వచ్చి పిల్లలను ఇంకా బాగా ఆకట్టుకొంటుంది. సంఘాలు చీలిపోయేది సిద్ధాంతముల దగ్గరే అనుకుంటాము. ఎన్నోసార్లు హార్మోనియం దగ్గరా, మైకు దగ్గరా చీలికకు విత్తనం పడుతుంది.

అపొస్తలుల కార్యములు గ్రంథములో పేర్ల వరుసను గమనించండి. పదమూడవ అధ్యాయం ఆరంభములో బర్నబా పేరు ముందు, సౌలు పేరు తరువాత ఉన్నది. అది సహజమే. ఎవరూ నమ్మని కాలంలో ఆ సౌలును చేయి పట్టుకొని అపొస్తలుల యొద్దకు తీసుకొని వచ్చింది బర్నబాయే. తార్సుకు వెళ్లి వెదకి అంతియొకయకు తెచ్చిందీ బర్నబాయే. కాని ఆ అధ్యాయం ముగిసేసరికి పౌలు పేరు ముందుకు వచ్చింది, బర్నబా పేరు రెండవది అయింది. తన పేరు వెనుకకు జరిగినందుకు బర్నబా నొచ్చుకున్నాడని గ్రంథంలో ఎక్కడా లేదు. తరువాత వారిద్దరికి వివాదం వచ్చిన మాట నిజమే, అది కూడా మార్కు అనే మరొక చిన్నవానికి ఇంకొక అవకాశం ఇవ్వాలని బర్నబా పట్టుబట్టినందుకే. బాప్తిస్మమిచ్చు యోహాను శిష్యులు కూడా జనులందరూ యేసు వద్దకే వెళ్లుచున్నారని ఫిర్యాదు తెచ్చినప్పుడు, యోహాను తన సంతోషము సంపూర్ణమైనదని చెప్పగలిగాడు (యోహాను 3). అది ఓడినవాని మాట కాదు, తన పని ముగించినవాని మాట.

చిన్నవారికి కూడా ఒక మాట. గెలిచిన దినాన, ఎదుట కూర్చున్న పెద్దవారు వేసిన బాటనే నడిచి వచ్చామని మరువవద్దు. దావీదు రాజైన తరువాత యోనాతాను ఇంటివారిలో ఎవరైనా మిగిలియున్నారా అని అడిగి, కుంటివాడైన మెఫీబోషెతును పిలిపించి తన బల్లయొద్ద కూర్చుండబెట్టుకొన్నాడు. గెలుపుకు అందము తెచ్చేది ఆ జ్ఞాపకమే.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో

ఒక రాత్రి 1 సమూయేలు 16వ అధ్యాయమును, మరొక రాత్రి 18వ అధ్యాయము మొదటి భాగమును పిల్లలచేత చదివించండి. సౌలు ఏమి విన్నాడు, యోనాతాను ఏమి ఇచ్చాడు అని వారినే చెప్పనివ్వండి. తరువాత ఇంట్లో ప్రతి ఒక్కరూ, తమకంటె చిన్నవారిలో లేక తక్కువగా ఎంచబడినవారిలో చూచిన ఒక మంచి సంగతిని బయటికి చెప్పాలి. తండ్రి మొదట చెప్పాలి. వారములో ఒక దినం, మీ పొరుగున ఎవరి బిడ్డకైనా మేలు జరిగియుంటే, ఇంటిల్లిపాదీ వెళ్లి పలకరించి రండి. మీ బిడ్డకు అదే మేలు ఇంకా జరుగకపోయినా వెళ్లండి. అప్పుడు వెళ్లడమే యోనాతాను దుప్పటి.

మా వేడుకోలు ఇది. ప్రభువా, మా బిడ్డలను అంకెలతో కొలిచే నాలుకలనుండి మమ్మును కాపాడుము. మాకంటె చిన్నవారు లేచిన దినాన చప్పట్లు కొట్టగల చేతులను మాకు దయచేయుము. ఓడిన దినాన మరునాడు లేచి కూర్చుండే బలము మాకును మా పిల్లలకును అనుగ్రహించుము. ఆమేన్.